గంగరాజు గారి రైటు

"రైట్," అన్నారు గంగరాజు గారు మంచం మీద నుంచి.

ఝాన్సీ గబగబా గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

"నీళ్లు కాదమ్మా, ఫ్యాను తగ్గించమంటున్నారు," మంచానికి ఎదురుగా, వంటింటి గుమ్మంలో బెండకాయలు తరుగుతున్న వీరలక్ష్మి గారు కత్తిపీట మీద నుంచి లేవకుండానే చెప్పారు.

ఫ్యాను తగ్గింది. పెద్దాయన హాయిగా కళ్లు మూసుకున్నారు.

గంగరాజు గారు ఉద్యోగమంతా రాజోలు బస్సుల్లో కండక్టరుగానే చేశారు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలుతో పాటు మాటని కూడా పట్టుకుపోయింది. ఏ దయ తలచిందో గానీ 'రైట్' అన్న ఒక్క ముక్కని మాత్రం వదిలేసింది. అన్నేళ్లు అరిచిన మాట కదా, అంత తేలిగ్గా ఊడి రాలేదు కాబోలు.

రేపు వీరలక్ష్మి గారికి కాకినాడలో కంటి ఆపరేషన్. కూతురు శ్రీదుర్గ పొద్దున్నే కారు తెస్తుంది. ఆవిడ తిరిగొచ్చేదాకా పెద్దాయన్ని చూసుకోడానికి నగరం అన్న ఊరి నుంచి ఝాన్సీ వచ్చింది. మంచం పట్టినవాళ్లకి సేవ చెయ్యడం ఆ పిల్లకి కొత్త కాదు. ఈ మాటే కొత్త.

బడిలో ఆ పిల్లకి రైట్ అంటే కుడి అనీ, ఒప్పు అనీ, హక్కు అనీ నేర్పారు. ఈ ఇంట్లో ఆ మూడూ తప్ప మిగతావన్నీ ఉన్నాయి. కూరలో ఉప్పు తక్కువైనా రైటే, దిండు ఎత్తు పెట్టాలన్నా రైటే. వీధిలో పోతున్న చేపల ఆవిణ్ణి ఆపమన్నా రైటే. భోజనాల వేళ ఝాన్సీ వైపు చూసి ఆయన మరో రైట్ అన్నారు.

"నువ్వు తిన్నావా అని అడుగుతున్నారమ్మా," అన్నారు వీరలక్ష్మి గారు.

ఝాన్సీ పని చేసిన ఇళ్లలో నిండుగా మాటలున్నవాళ్లు కూడా అడగని మాట అది.

"మీకెలా తెలుస్తుందండీ మామ్మగారూ? నాకన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ!"

వీరలక్ష్మి గారు దగ్గరికొచ్చి, ఝాన్సీ మొహంలో మొహం పెట్టి చూశారు. పాపం, కంట్లో శుక్లం. ఇంత దగ్గరికొస్తేగాని కొత్త మొహం ఆనదు.

"పోగా పోగా నీకే తెలుస్తుందమ్మా. కంటికి పొర కమ్మిన కాణ్ణించీ నాకే ఆయన మాట సరిగ్గా అందట్లేదు."

వయసు మీద పడితే అన్నీ కలిసికట్టుగా మొరాయిస్తాయి కాబోలు అనుకుంది ఝాన్సీ. అయినా ఏం చెవులు ఈవిడవి! ఒక్క మాటలో ఇన్ని మాటలు పట్టుకోవడం సంగీతం మాస్టార్ల వల్ల కూడా కాదు. పెద్దాయన మర్యాద కూడా తక్కువదేం కాదు. ఆవిడ పెరట్లో ఉంటే పొరపాటున కూడా ఆవిడ కోసం నోరు విప్పరు. పనిలో ఉన్న మనిషిని కేకేసి పిలవకూడదని కాబోలు.

సాయంత్రం ఆవిడ పెరట్లో బట్టలు తీస్తుండగా ఆయన ఝాన్సీతో, "రైట్," అన్నారు. దుప్పటి కప్పింది. "రైట్!" టీవీ పెట్టింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బట్టలతో లోపలికొచ్చిన వీరలక్ష్మి గారు ఆయన్ని చూస్తూనే అవన్నీ కింద పడేసి, కాలు పట్టుకుని పిక్క నొక్కడం మొదలుపెట్టారు.

"కొంకర్లు పోతోందమ్మా."

నొప్పి తగ్గాక ఆవిడ మంచం పక్కనే చతికిలబడ్డారు. ఫోను తీసి ఝాన్సీ చేతిలో పెట్టారు.

"శ్రీదుర్గకి నువ్వే చెప్పమ్మా, కారు తేవద్దని. నేను వెళ్లను."

"అదేంటండీ! ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నారటగా డాక్టరు గారు!"

"ఏం చెయ్యనమ్మా? నేను లేకపోతే ఈయన ఎవరితో చెప్పుకుంటారు?"

"రైట్," అన్నారు గంగరాజు గారు. ఆవిడ తలొంచుకునే ఉన్నారు. ఆయన ఎడం చేత్తో ఆవిడ భుజం తట్టారు. ఆవిడ తలెత్తారు.

"రైట్... రైట్!"

ఝాన్సీ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇది నాకు తెలిసిందండీ! బస్సు బయల్దేరమంటున్నారండీ! మిమ్మల్ని వెళ్లమంటున్నారు!"

వీరలక్ష్మి గారు కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వేశారు. "ఆయ్! కండక్టరు గారు చెప్పాక కదలకపోతే ఎలా?"

ఝాన్సీకి కొండంత ధైర్యం వచ్చింది. అయినా జాగ్రత్తకని, మధ్యాహ్నం నుంచీ తన సెల్లులోకి ఎక్కిస్తున్న పెద్దాయన గొంతు బయటికి తీసింది.

"వరసగా పెడతానండి. ఏది దేనికో చెప్పేరంటే, మీరు లేనప్పుడు సరిచూసుకుంటానండి."

సెల్లు 'రైట్' అంది. వీరలక్ష్మి గారు దాన్ని కళ్లదాకా తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఆయన మొహం లేదేంటమ్మా?"

"మొహమెందుకండీ? గొంతు ఉందిగా!"

ఆవిడ సెల్లు పక్కన పెట్టి, ఝాన్సీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పెద్దాయన కళ్లకి ఎదురుగా కూర్చోబెట్టారు.

"ఆయన్ని చూస్తూ ఉండమ్మా. అదే తెలుస్తుంది."

"చూస్తే ఏం తెలుస్తుందండీ? వినాలి గదండీ!"

వీరలక్ష్మి గారు ఆ పిల్ల తల నిమిరారు.

"ఆయనకి మాట పడిపోకముందే నాకు చెవులు పోయేయమ్మా."