తొక్క పెట్టిన ఉడుత

ఎవరు ఎందుకు ఎలా నిర్ణయించుకుంటారో తెలుసుకోవాలని ఓ గోరింకకు మహా సరదా. తిండి దొరకని ఎండల్లో, రాలిన మామిడిపండు చూపించి ఉడుతతో అంది:

"నువ్వు పంచు. ముసలి కొండముచ్చు తన వాటాకి ఒప్పుకుంటేనే ఇద్దరూ తినండి. వద్దంటే పండు నాది."

తాత ఆకలి మీదున్నాడు, ఏం పెట్టినా తింటాడులే అనుకుని ఉడుత తొక్క పెట్టింది.

"నాకొద్దు," అంది కొండముచ్చు.

"తాతా! ఆ తొక్కయినా దక్కేది కదా!"

"ఇవాళ తింటే రేపూ తొక్కే పెడతావురా."

ఇద్దరూ పస్తున్నారు. పండు గోరింక తినేసింది.

మర్నాడు ఇంకో పండు రాలింది. ఉడుత సరిసగం చేసింది. కొండముచ్చు ఒప్పుకుని, తన సగంలోంచి పెద్ద ముక్క ఉడుత ముందుకు తోసింది.

"తినరా, డొక్కలు ఎండిపోయాయి."

గోరింక తెల్లబోయింది. "నిన్న తక్కువైందని అంత పంతం పట్టావే!"

"నిన్న వాడు లాక్కున్నాడు. ఇవాళ నేను పెడుతున్నాను."