దొరా, దొంగా

"తలుపుకి పైన గడియ ఏంటి నాన్నా? పిల్లి స్టూలు వేసుకుని ఎక్కుతుందా?"

కూతురి వేళాకోళానికి తాళాల మేస్త్రి నవ్వలేదు. మునివేళ్ల మీద లేచి చివరి మర బిగించాడు. గడియను అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు.

"ఈ పిల్లుల సంగతి నీకు తెలీదమ్మా. అసాధ్యపు ఘటాలు."

ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు బిగించిన చెయ్యి అది. దుకాణం మూసేశాక ఆ విద్యంతా సొంత ఇంటి మీద, అదీ రెండు పిల్లుల మీద చూపిస్తున్నాడు. పొయ్యి మీటలకు మూతలు. గ్యాస్ బండకు పెట్టె, పెట్టెకు తాళం. మందుల అరకు కొక్కెం. బాల్కనీకి వల. కూతురు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక కొత్త కొక్కెం కనిపిస్తుంది. ఒక కొత్త ఫిర్యాదూ వినిపిస్తుంది.

ఫిర్యాదులకేం, కోకొల్లలు. బూడిదరంగు పిల్లి పేరు దొర. తిండికి తప్ప ఒళ్లు కదల్చని సోమరి. అలాంటిది అమ్మ కళ్లజోడును పిండి డబ్బాలో పడేసిందట. నల్లదాని పేరు దొంగ. అది మందుబిళ్లలన్నీ ఒలకబోసి కలిపేసిందట. ఒకరోజు అదే వీధి తలుపు తీసుకుని పారిపోయిందట కూడా. దాన్ని వెతుక్కుంటూ వెళ్లి అమ్మ ఎక్కడో బస్టాపులో కూర్చుంటే, నాన్న పోయి తీసుకొచ్చాడట.

అమ్మ అన్నీ విని నవ్వేది. "ఈ వెధవలు నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాయే" అనేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల్లో ఊళ్లో ఎవరి నంబరైనా నోటికి చెప్పిన మనిషి. ఆ గొప్ప ఇప్పటికీ ఆమెకు కాస్త ఉంది. సామాను ఎక్కడిదక్కడ ఉండకపోతే మొహం చిన్నబుచ్చుకునేది. నాన్న వెంటనే పిల్లుల మీద అంతెత్తున లేచేవాడు. అవి పాపం మూతి నాకుకుంటూ అన్నీ పడేవి.

కిందటి వారం మాత్రం ఇది నవ్వులాటతో పోలేదు. దొంగ కుళాయి తిప్పి వదిలేసిందట. వంటిల్లంతా నీళ్లు. అమ్మ జారిపడింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి.

ఆ కుట్లు చూశాక కూతురు ఊరుకోలేదు. పిల్లుల్ని పంపించేయాల్సిందేనని పట్టుబట్టింది. ఆమె ఆఫీసులో ఒకావిడకు పెద్ద దొడ్డి ఉంది. పెంచుకుంటానంది. బుట్ట కూడా తెచ్చేసింది.

"ఇంకొక్క నెల ఆగవే తల్లీ. కుళాయికి కూడా తాళం చేస్తాను."

"చేసిన తాళాలు చాలు నాన్నా. రేపు ఇల్లు తగలబెడతాయి. నీకు పిల్లులు కావాలా, అమ్మ కావాలా?"

నాన్న నోరు తెరిచాడు. గదిలో ఉన్న అమ్మ వైపు చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

ఆ మౌనం కూతురి గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్లు కాపురం చేసి, చివరికి అమ్మ రెండు పిల్లులతో సమానమైపోయిందా? ఇంకేం మాట్లాడకుండా దొరను, దొంగను బుట్టలో పెట్టింది.

"గేటు దాకా వెళ్లిరండి. ఈలోగా మీ నీలం చొక్కా ఇస్త్రీ చేసిపెడతాను" అంది అమ్మ.

"వద్దులే, నేనొచ్చాక చేసుకుంటా" అన్నాడు నాన్న. ధ్యాసంతా బుట్ట మీదే ఉంది.

గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. నాన్న బుట్ట వదలడు. మూత సందులోంచి వేలు పెట్టి దొంగ చెవి నిమిరాడు. "ఎన్ని తిట్లు తిన్నార్రా నాయనా! ఒక్కసారన్నా ఎదురు చెప్పారా?" అంటూ ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆటో అతను తల తిప్పుకున్నాడు.

కూతురికి జాలి కలిగింది. జాలిని మించి ఒళ్లు మండింది. అమ్మకు కుట్లు వేసిన రోజు కూడా ఈ మనిషి ఇంతగా ఏడవలేదు. నచ్చజెప్పి, బతిమాలి, చివరికి కసురుకుంటే తప్ప బుట్ట ఆటోలోకి చేరలేదు.

అప్పుడే ఇంట్లోంచి కమురు వాసన వచ్చింది.

ఇద్దరూ పరుగెత్తారు. ముందు గదిలో బల్ల మీద నీలం చొక్కా, దాని మీద బోర్లా ఇస్త్రీ పెట్టె, చుట్టూ పొగ. నాన్న ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేశాడు. అమ్మ వంటింట్లోంచి ఉల్లిపాయ ఎడం చేత్తో పట్టుకుని వచ్చింది.

"అయ్యయ్యో! ఇదెవరు పెట్టారండీ ఇక్కడ? కొంప తగలబడేది కదా!"

అలవాటు కొద్దీ వంగి బల్ల కింద చూసింది. "దొంగా! నీ పనేనా?"

కింద ఏమీ లేదు. మెల్లగా నడుం ఎత్తింది. మాడిన చొక్కా వైపు, ఖాళీగా ఉన్న తన కుడి చేతి వైపు మార్చి మార్చి చూసుకుంది.

"మరి ఎవరండీ?"

ఇంతసేపూ గేటు దగ్గర కూతురి పక్కనే నిలబడి ఏడ్చిన నాన్న, కళ్లు తుడుచుకుని నవ్వు తెచ్చుకుంటూ, "నేనేనోయ్... చొక్కా ఇస్త్రీ చేస్తూ మధ్యలో మరిచిపోయి బయటికి వచ్చేశాను" అన్నాడు.