నాలుగో దశ

ఆపరేషనైన పదో రోజున భార్య కేకు ముక్క తెచ్చి నోటి దగ్గర పెట్టింది. బస్సు డ్రైవరుకి మొదటి అనుమానం అప్పుడే వచ్చింది.

"మీకిష్టమైనదే కదండీ. ఏం కాదు, తినండి."

"ఏం కాదా? లోపల కుట్లు పిగిలితే నువ్వొచ్చి కుడతావా?"

అయినా ఆమె వదల్లేదు. పోరు పడలేక కాస్త కొరికి, సాయంత్రందాకా బేసిను ఒళ్ళో పెట్టుకుని వాంతి కోసం ఎదురుచూశాడు. రాలేదు. బతికిపోయాననుకున్నాడు.

ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం అతనికి కంఠతా వచ్చు. బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేయించుకున్నవాళ్ళు ఐదు దశలు దాటాలి. మొదటి వారం తేటనీళ్ళు. రెండో వారం పాలు, సూపు. తర్వాత మెత్తగా రుబ్బినవి. నాలుగో దశలో గుడ్డులాంటి మెత్తటి తిండి. ఐదో దశకొస్తే అందరిలా తినొచ్చు. తొందరపడితే ప్రాణం మీదికొస్తుందని అడుగున ఎర్రక్షరాలతో రాసుంది.

ప్రాణం కంటే అతనికి బస్సు ముఖ్యం. పొట్ట స్టీరింగుకి తగులుతోందని డిపోవాళ్ళు అతన్ని దించేసి ఒక మూల గదిలో కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళు ఊరంతా తిప్పినవాడు గోడ గడియారంతో కాలక్షేపం చేశాడు. ముప్ఫై కిలోలు తగ్గితే మళ్ళీ బస్సిస్తామన్నారు. కత్తికి ఒప్పుకున్నది అందుకే.

మందు సీసా మూతతో కొలుచుకుని, గుక్కకీ గుక్కకీ మధ్య టైము చూసుకుని మరీ తాగేవాడు. ఒకప్పుడు గిన్నె ఊడ్చి ఇంకా ఉందా అని అడిగిన మనిషి, రెండు చెంచాల సూపుకే చెయ్యి అడ్డంపెట్టేవాడు. ఒళ్ళు కరిగిపోతోంది.

"అన్నా, ఇదివరకు నీ పొట్ట ముందొచ్చేది, నువ్వు తర్వాతొచ్చేవాడివి" అన్నాడు చూడ్డానికొచ్చిన కండక్టరు. "ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి వస్తున్నారు!"

డ్రైవరు పడీపడీ నవ్వాడు. భార్య మాత్రం మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు.

మూడో దశలో బరువు చూసుకునే మిషను మాయమైంది. పాడైతే పారేశానంది భార్య. అతను ఊరుకుంటాడా? డిపోకెళ్ళి పార్సిళ్ళు తూచే కాటా ఎక్కాడు. ఐదు వారాల్లో ఇరవై నాలుగు కిలోలు! కాగితంలో రాసింది పన్నెండే. ఉరుకులు పరుగుల మీద వచ్చి చెబితే ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

మర్నాడు వంటింటి గుమ్మంలోంచి చూశాడు. తన సూపులో ఆమె రెండు చెంచాల వెన్న కలుపుతోంది. తర్వాత డబ్బాల వెనకనుంచి సీసా తీసి, ఓ తెల్లమాత్ర నలిపి, అదీ కలిపింది.

"ఏమిటది?"

ఆమె ఉలిక్కిపడింది. "విటమిను."

"కాగితంలో లేదే?"

"కాగితం, కాగితం! ఇంట్లో మనిషి మాట పనికిరాదా?" అని కసిరి, వెంటనే గొంతు తగ్గించింది. "నా మీద ఒట్టు, తాగండి."

తాగాడు. గంట తిరక్కుండా మత్తుగా నిద్ర ముంచుకొచ్చింది.

మెలకువ వచ్చేసరికి స్నానాలగదిలో కుళాయి ధారగా పోతోంది. ఆ చప్పుడు మాటున భార్య ఫోనులో మాట్లాడుతోంది. "ఇంకెన్నాళ్ళంటారు? లేదండీ, ఆయనకి అనుమానం రాలేదు."

బయటికొచ్చి, ఎదురుగా అతన్ని చూసి, "మా అక్క" అంది.

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ "ఒసేవ్ అక్కా" అని పిలిచే అక్కని ఇవాళ కొత్తగా "అండీ" అంటోందా?

మొగుడు సన్నబడి మళ్ళీ కుర్రాడైతే చేజారిపోతాడని భయమా? లేక ఆ "అండీ" ఎవడైనా ఉన్నాడా? పాతికేళ్ళ కాపురం. పక్కలోనే పామును పెట్టుకుని పడుకున్నాననుకున్నాడు.

ఆ రోజునుంచీ ఆమె ఇచ్చిన సూపు ఆమె చూడకుండా సింకులో పోసేవాడు. నాలుగో దశ వచ్చేసింది గనక గుడ్డు తనే ఉడకబెట్టుకుని, తనే ఒలుచుకుని తినేవాడు. సూపు మానేసిన రెండో రోజుకల్లా పక్కటెముకల కింద సలుపు మొదలైంది. మూడో రోజుకి మనిషిని మెలిపెట్టేసింది. ఇన్నాళ్ళూ ఎక్కిన విషం ఇప్పుడు పనిచేస్తోందని అర్థమైంది అతనికి.

ఆమె బజారుకెళ్ళిన పూట ఆ సీసా జేబులో వేసుకుని, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఒంటరిగా వెళ్ళడం అదే మొదలు. ఎప్పుడూ తనని బయట కూర్చోబెట్టి ముందు ఆమే లోపలికెళ్ళి మాట్లాడేది.

"మా ఆవిడ నన్ను చంపాలని చూస్తోంది డాక్టర్ గారూ." సీసా బల్లమీద పెట్టాడు. "మీరు చేసిన ఆపరేషన్ చెడగొడుతోంది. చాటుగా వెన్న పెడుతోంది, ఇది కలుపుతోంది. పదో రోజునే కేకు తినిపించింది. పైగా ఎవడికో ఫోన్ చేసి ఇంకెన్నాళ్ళని అడుగుతోంది!"

డాక్టరు సీసా ముట్టుకోలేదు. లేచి వెళ్ళి తలుపు వేశాడు. తిరిగొచ్చి, తన కుర్చీలో కాకుండా అతని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ మాత్రలు నేనే రాశాను, మీకు నొప్పి తెలియకుండా ఉండాలని. ఆ ఫోను కూడా నాకే. మీకు చెప్పొద్దని ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"ఏం చెప్పొద్దని?"

"మీ పొట్ట మేం చిన్నది చెయ్యలేదండీ, తెరిచి చూస్తే లోపలంతా గడ్డలు పాకిపోయి ఉన్నాయి, ఏదీ కొయ్యకుండా మళ్ళీ కుట్టేశాం."