ముద్ర పడిన మాట

"ఈ మాట ఇక అనకూడదు," అన్నాడు హుర్నిక్, నాటకం ప్రతిలో ఒక వాక్యాన్ని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేస్తూ. జిల్లాలో ఏ నాటకం ఆడాలన్నా ముందు ఆయన చదివి ముద్ర వెయ్యాలి.

ముసలి నటుడు ఒటకర్ క్లిమేష్ మెడ చాచి చూశాడు. అది వాళ్ళ తాతల కాలం నాటి నవ్వుల నాటకం. వారం రోజులని వచ్చిన మేనమామ నెలలు గడిచినా కదలడు. రెండో అంకంలో ఇంటి యజమాని కాఫీ కప్పు పట్టుకుని, జనం వైపు తిరిగి, "ఇంతకీ ఈ చుట్టం ఇంటికెప్పుడు పోతాడు?" అంటాడు. యజమాని వేషం క్లిమేష్‌ది.

"ఇందులో ఏముంది? మా తాత కూడా అన్నాడీ మాట."

"మీ తాత అన్నప్పుడు ఊరి చివర రష్యా ట్యాంకులు లేవు. నిన్న ఆ మాటకి నాలుగు నిమిషాలు చప్పట్లు కొట్టారు. గడియారం పెట్టి చూశాను."

అన్నదమ్ముల సాయం పేరుతో ఆ సైన్యం చెక్ దేశంలోకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఎప్పుడు వెళ్తారో వాళ్ళు చెప్పలేదు, పైకి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం క్లిమేష్ కాఫీ కప్పు పట్టుకుని జనం వైపు తిరిగాడు. నోరు విప్పలేదు. అక్కడ ఏ మాట ఉండాలో ఊరందరికీ తెలుసు. ఈసారి ఆరు నిమిషాలు కొట్టారు.

హుర్నిక్ ప్రతిలో జనం వైపు తిరగడం కూడా కొట్టేశాడు. క్లిమేష్ వీపు చూపించి కాఫీ తాగితే వీపుకీ చప్పట్లు పడ్డాయి. ఆఖరికి కాఫీనే కొట్టేశాడు. ఖాళీ బల్ల చూసి హాలంతా లేచి నిలబడింది. పక్క ఊళ్ళ జనం రైలెక్కి రావడం మొదలుపెట్టారు.

గురువారం నాడు హుర్నిక్ పాలిపోయిన ముఖంతో మేకప్ గదికి వచ్చి కూలబడ్డాడు. నటులకు మాట అందించే రూజెనా, ముసలావిడ, అడక్కుండానే ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చింది. ఆయన ఎవరి మాటలు కొట్టేసినా ఆవిడ టీ మాత్రం ఇస్తూనే ఉంటుంది.

సంగతేమిటంటే, ఈ నాటకం గురించి విని రష్యా కర్నలు శనివారం చూడ్డానికి వస్తున్నాడట. ఆయనకు చెక్ భాష ఒక్క ముక్క రాదు. కానీ ఖాళీ బల్లకి జనం చప్పట్లు కొడితే ఎందుకని అడుగుతాడు. అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి.

హుర్నిక్ సంచిలోంచి ప్రతి తీశాడు. కొట్టేసిన వాక్యం మళ్ళీ నల్ల సిరాతో రాసి ఉంది. పక్కన 'తప్పనిసరిగా పలకవలెను' అని, కింద సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర.

"ఇదేం తమాషా?" అన్నాడు క్లిమేష్.

"మనవాళ్ళ సంగతి నాకు తెలీదా? సర్కారు ముద్ర పడిన మాటకి ఎవడూ చప్పట్లు కొట్టడు. ఈ ఆదేశం గుమ్మం దగ్గర కూడా అంటిస్తున్నాను. నువ్వు అంటావు, వాళ్ళు ఊరుకుంటారు, మనం ఇళ్ళకి పోతాం."

"అనకపోతే?"

"థియేటరు మూస్తారు. సోమవారం నుంచి నువ్వు ఆస్పత్రి బాయిలర్లో బొగ్గు ఎత్తిపోస్తావు. ఆ మోకాలితో ఎన్నాళ్ళు పోస్తావో ఆలోచించుకో, ఒటకర్."

బెదిరింపులా అనలేదు. ఇద్దరూ ఒకే బీరు కొట్టులో తాగేవాళ్ళు. క్లిమేష్ మోకాలి సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆయన వెళ్ళాక రూజెనా మెల్లిగా అంది. "అనేద్దూ, నాయనా. ఎన్నిసార్లు అనలేదు?"

"వద్దన్నన్నాళ్ళూ అది నా మాట. ఇప్పుడు వాళ్ళదైపోయింది," అన్నాడు క్లిమేష్.

శనివారం హాలు నిండింది. అందరూ గుమ్మం దగ్గర ఆదేశం చదువుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. మూడో వరసలో కర్నలు, ఆయన పక్కన ఒళ్ళో ప్రతి పెట్టుకుని హుర్నిక్.

రెండో అంకంలో కాఫీ తిరిగి వచ్చింది. క్లిమేష్ జనం వైపు తిరిగాడు. బొగ్గు గుర్తొచ్చింది, మోకాలు గుర్తొచ్చింది. ఒక గుక్క తాగాడు.

రూజెనా స్టేజీ అంచున ఉన్న తన గూట్లోంచి గుసగుసగా మాట అందించింది. ఆయన ఇంకో గుక్క తాగాడు. ఆవిడ మళ్ళీ అందించింది. క్లిమేష్ ఆవిడ వంక చూసి చిన్నగా నవ్వి, పెదవులు బిగించాడు.

అనడం లేదని జనానికి అర్థమైంది. హాల్లో దగ్గు కూడా ఆగిపోయింది. కర్నలు తల పక్కకి వంచి, ఏమైందన్నట్టు హుర్నిక్ వైపు చూశాడు. హుర్నిక్ క్లిమేష్‌కి చేత్తో సైగ చేశాడు. పెదాలు కదిపి చూపించాడు. ఒళ్ళోని ప్రతిలో ముద్ర కింద ఉన్నది తన సంతకమే. స్టేజీ మీద కప్పు ఖాళీ అయింది.

ఇక తట్టుకోలేక హుర్నిక్ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"ఇంతకీ ఈ చుట్టం ఇంటికెప్పుడు పోతాడు?" అని కర్నలు నెత్తి మీదుగా కేక పెట్టాడు.

ఒక్క క్షణం ఎవరికీ నమ్మకం కలగలేదు. తరవాత హాలంతా లేచింది. నాటకంలో అసలైన ఘట్టం ఇదే కాబోలనుకుని కర్నలూ లేచి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. స్టేజీ మీద క్లిమేష్ కప్పు కింద పెట్టి తనూ కొట్టాడు.

ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ మాటలు కొట్టేస్తూ వచ్చిన హుర్నిక్ ఆ హోరులో బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. మెల్లిగా ఎర్రబడ్డాడు. తరవాత గుండె మీద చెయ్యి పెట్టుకుని, జనానికి వంగి నమస్కారం చేశాడు.