శరణాగతి పాఠం

“తువ్వాలు వదలండి నాన్నా, ఒళ్లు రుద్దాలి.”

స్నానాలగదిలో కుర్చీ మీద కూర్చున్న మాస్టారు వినలేదు. పక్షవాతం దయతలచి వదిలేసిన ఒక్క చేత్తో, నడుముకున్న తువ్వాలును ప్రాణం పోయినా వదలనన్నట్టు పట్టుకున్నారు. రోజూ స్నానం చేయించే మనిషి ఈ పూట రాలేదు. చెంబు పట్టుకుని కూతురు ఏమీ తోచక నిలబడింది.

ఇంతలో ఫోన్. పాత శిష్యుడు. ఆమె స్పీకర్ పెట్టింది.

“మాస్టారూ, రేపు నా ప్రసంగం. శరణాగతి అన్న మాట ఎలా పుట్టిందో కాస్త చెప్పరూ?”

ఆయన గొంతులోకి తరగతి గది వచ్చేసింది.

“శరణమంటే ఇల్లు, ఆశ్రయం. ఆగతి అంటే రావడం. ఇక నా వల్ల కాదని ఒప్పేసుకుని ఆ గడప తొక్కడమన్నమాట. ఒక్క వేలితోనైనా నాదనేదాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ…”

ఆయన చూపు తన పిడికిలి మీద పడింది.

“ఉన్నంతసేపూ? మాస్టారూ?”

“తర్వాత చేస్తానని చెప్పమ్మా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. బకెట్లో నీళ్లు చల్లారిపోతున్నాయి.

“జీవితమంతా ఇదే పాఠం చెప్పానే తల్లీ,” అన్నారాయన. “ఇంత కష్టమని ఒక్కడికీ చెప్పలేదు.”

కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లు ఒక్కొక్కటే వదిలారు.