బావగారి రెండు గుంటలు

"నేను చెప్పిన బ్రోకరు దగ్గరే స్థలం కొన్నారటగా బావగారూ, ఎంతేమిటి?" అన్నాను.

"రెండు గుంటలోయ్. మరి నీది?"

"రెండు వందల నలభై రెండు గజాలు!" అన్నాను, కాలు మీద కాలేసుకుని.

అక్క మొగుడి మొహం చిన్నబోయింది. పాపం, నా ఇల్లు లేచాక మిగిలే ఇటుకలన్నీ ఆయనకే ఇచ్చేయాలని మనసులోనే దానం చేసేశాను.

ఆదివారం స్థలం చూసుకోడానికి వెళితే, నా హద్దురాయి మీద బావగారు దర్జాగా కూర్చుని ఉన్నారు.

"రావోయ్, ఇదే నా స్థలం. నీదెటువైపు?"

గుంటకు నూట ఇరవై ఒక్క గజాలని నాకు అప్పుడు వెలిగింది. ఒకే స్థలాన్ని ఆయనకు గుంటల్లో, నాకు గజాల్లో అమ్మేశాడు బ్రోకరు.

అన్నట్టు చెప్పలేదు కదూ, బడిలో నేను లెక్కల మాస్టారిని.