కట్టు విప్పితే

రాఘవమ్మ కంటి ఆపరేషన్ కట్టుతో వసారాలో కూర్చుని ఉంది. రెండో కన్ను ఎప్పుడో పోయింది.

“ఎవురమ్మా అది? ఆకలవతా ఉండాది. రవ్వంత సంగటి తినిపించి పో తల్లీ.”

ఓట్లడగడానికి ఒంటరిగా వచ్చిన ఆమె కరపత్రాన్ని అరుగు మీద పెట్టి, చేతులు కడుక్కుని ముద్దలు చేసింది.

“దొరస్వామి కోడలు, ఆ మణిపూరుది, సర్పంచికి నిలబడిందంట. చైనాదంట, కుక్కల్ని తింటాదంట. అందరి ఫోన్లలో వచ్చింది. దాని చేత నీళ్లు గూడా ముట్టను నేను.”

“ఇంకో ముద్ద తిను అవ్వా.”

“మాట ఇంటే మన ఏర్పేడు పిల్లవే. రేపు కట్టు ఇప్పుతారు. వచ్చి నీ మొగం సూపించు.”

“వస్తానవ్వా.”

ఆమె రాఘవమ్మ మూతి తుడిచింది. తన ఫోటో ఉన్న కరపత్రాన్ని తిరిగి సంచిలో పెట్టుకుంది.